ఉస్తాదుకి మాటిచ్చిన ఒక్కరోజు

పుప్పాలగూడలో ఫ్లాటు చూసొస్తానని పొద్దున వెళ్ళినదాన్ని, సాయంత్రానికి కారు కొనుక్కుని వచ్చాను. అదీ నడిచే కారు కాదు. లారీ ఎక్కించి తెచ్చిన కారు.

మా ఆయన బాల్కనీలోంచి చూసి, మెట్లు దిగి వచ్చి, దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇందులో కోడి ఉందే," అన్నాడు. నిజమే. సీటు ఉండాల్సిన చోట గడ్డిలో ఒక నల్లకోడి పొదుగుతూ కూర్చుని మా ఇద్దర్నీ కోపంగా చూస్తోంది.

నాకు నిలకడ లేదని మా ఇంటిల్లిపాదికీ తెలుసు. చిన్నప్పుడు మా అమ్మమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. కొండాపూర్‌లో అద్దె ఇల్లు, మాదాపూర్‌లో ఆఫీసు. పొద్దున లేస్తే అద్దాల మేడలో ఏసీ కింద కూర్చుని ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకాలి. ఏళ్ళ తరబడి అదే పని. కుర్చీలో కూర్చుంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. ఆ రోజు బిల్డరు మనిషి ఖాళీ నేల మీద నిలబడి, ఇక్కడ హాలు, అక్కడ పూజగది అని గాలిలో చేతులూపుతుంటే, నా చూపు మూలనున్న పాత రేకుల షెడ్డు మీద పడింది. దాన్ని పడగొట్టబోతున్నారు. లోపల గడ్డిమోపుల కింద ఈ కారు. ఇంగ్లండులో ఎప్పుడో మూతబడ్డ కంపెనీ చేసిన స్పోర్ట్స్ కారు. రెండు తలుపులు, రెండు సీట్లు, పొడుగాటి ముక్కు, నెత్తిన కప్పు లేదు. ఏ దొర మోజుపడి తెప్పించుకున్నాడో, ఎన్ని చేతులు మారిందో! ఇప్పుడు మాత్రం లోపల్నుంచి చూస్తే కింద మట్టి కనిపించేంత తుప్పు. పాతసామాను వాడు తీసుకెళ్తాడు అన్నారు. "నేను తీసుకుంటాను," అనేశాను. మాట బయటికి వచ్చాక గాని ఏమన్నానో నాకే తెలియలేదు. మరి ఫ్లాటు మేడం అంటే, తర్వాత చూద్దాం లెండి అన్నాను.

"పారేసేవాళ్ళకి లేని బాధ నీకెందుకే? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు మా ఆయన. ఆయన నెమ్మదస్తుడు. అంతకంటే గట్టిగా ఏమీ అనడు. అందుకే నాకు ఇంకా మండుతుంది.

పెద్ద పెద్ద సర్వీసు సెంటర్లకి ఫోన్లు చేశాను. ఫోటోలు పంపమన్నారు. పంపాక ఫోనెత్తడం మానేశారు. చివరికి మా ఆఫీసు క్యాబ్ డ్రైవరు చెప్పాడు. "బోరబండ స్టేషన్ కాడ ఒక ఉస్తాద్ ఉన్నడు మేడం. మెదక్ దిక్కు మనిషి. రేకు పనిల ఆయనను కొట్టెటోడు లేడు. గని జర నోరెక్కువ."

జర కాదు, బాగా ఎక్కువ. రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డులో, యాభై దాటిన మనిషి, మెడలో తువ్వాలు, చేతిలో చిన్న సుత్తి. లారీలోంచి దించగానే కారు ఒళ్ళంతా డాక్టరు ఛాతీ తట్టినట్టు తట్టాడు. కొన్ని చోట్ల టంగుమంది. చాలా చోట్ల బుస్సుమని సుత్తి లోపలికి దిగబడింది. తుప్పుని ఆయన జంగు అంటాడు.

"గిది బండి కాదు మేడం, జల్లెడ. జంగు మీద రంగు, రంగు మీద జంగు. ఎవడమ్మిండు నీకు?"

"అవుతుందా అవదా చెప్పండి. అవకపోతే ఇంకొకర్ని చూసుకుంటా."

అంతే, ఒంటికాలి మీద లేచాడు. "ఎవరనుకుంటున్నవు నన్ను? హైదరాబాద్‌ల గీ పని నా అసొంటోడు ఇంకొకడు చేస్తే సుత్తి ఇడిచిపెట్టి ఇడ్లీ బండి పెట్టుకుంట!"

అయితే ఒప్పుకునేముందు ఒక పని చేశాడు. వెనక్కి వెళ్ళి నంబరు ప్లేటు చూశాడు. అవి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రాజుకుంటున్న రోజులు. బళ్ళ మీద ఏపీ అన్న అక్షరాలు చెరిపి టీజీ అని రాసుకోవడం మొదలైంది. ఉస్తాదు ఒకడుగు ముందుకేసి, తన షెడ్డుకి వచ్చిన ప్రతి బండికీ అడక్కుండానే రాసి పంపేవాడు. బళ్ళవాళ్ళు తిట్టుకుంటూ పోయి ఇంటి దగ్గర ఆ రాత గీకేసుకునేవాళ్ళు. నా కారుకి ప్లేటు తుప్పుపట్టి ఎప్పుడో రాలిపోయింది. దానికి ఆయన మొహం వెలిగిపోయింది.

"నంబరే లేదా! మంచి బండి. చేస్త. మజూరి సంగతి తర్వాత మాట్లాడుకుందం. నాది ఒకటే షరతు. తెలంగాణ వచ్చిననాడు ఈ బండి నాకు ఒక్క దినం ఇయ్యాలె. పొద్దుగాల సంది పొద్దుమీకె దాక. పైన కప్పు లేదు గద, జెండ పట్టుకొని నిలబడి అసెంబ్లీ ముంగటి గన్‌పార్క్ దాక పోత."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. రాష్ట్రం రాలేదు, కారుకి నేలే లేదు, ఊరేగింపు మాత్రం తయారు! నా మాట తీరు విన్న నిమిషంలోనే నేను కోస్తాదాన్నని ఆయనకి తెలిసిపోయింది. తెలిసే, కళ్ళలోకి చూసి అడిగాడు. నాకు లోపల నవ్వొచ్చింది. వచ్చినప్పుడు కదా అనుకున్నాను.

"అలాగేనండి, ఇస్తాను."

"మాటేనా?"

"మాటే."

గ్రీజు చెయ్యి చాచాడు. కలిపాను. ఇంటికొచ్చాక సబ్బు పెట్టి ఎంత రుద్దినా ఆ నలుపు ఒక పట్టాన పోలేదు.

డిసెంబరులో ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది, తెలంగాణ ఇస్తున్నామని. ఆ శనివారం నేను వెళ్ళేసరికి బోరబండ అంతా టపాకాయల కాగితాలు. ఉస్తాదు నా నోట్లో బలవంతంగా లడ్డూ కుక్కి, ఆ తర్వాత నా కారు వైపు తిరిగి తల పట్టుకున్నాడు. కారుకి అప్పటికి కింద నేల లేదు, ముందు రెక్కలు లేవు. నాలుగు రాళ్ళ మీద ఎముకల గూడులా కూర్చుంది.

"గింత జల్ది వస్తదని నాకేమెరుక మేడం! ఇగ చూడు, నిద్ర పోను, తిండి తినను."

నిజంగానే చేశాడు. పాత ఇనుప బీరువా ఒకటి కొనుక్కొచ్చి, దాని తలుపులు కోసి కారుకి నేల పరిచాడు. బీరువా తలుపంత మందం రేకు ఇప్పుడెక్కడా దొరకదట. ఎవరింటి పెళ్ళిబీరువానో పాపం, లోపలి వైపు ఇంకా బొట్టుబిళ్ళలు అంటుకుని ఉన్నాయి. ఆ మురిపెం ఎన్నాళ్ళో లేదు. నెల తిరక్కుండానే ఢిల్లీ మాట మార్చింది. అందరితో మాట్లాడాక చూస్తామన్నారు. మా అపార్ట్‌మెంటులో కోస్తావాళ్ళం చాలామందిమి ఊపిరి పీల్చుకున్నాం. నేనూ పీల్చుకున్నాను, అబద్ధమెందుకు. మర్నాడు షెడ్డుకి వెళ్తే తాళం. ఉస్తాదు ధర్నాలో ఉన్నాడన్నారు.

ఆ తర్వాత రోజులెలా గడిచాయంటే చెప్పలేను. ఈరోజు బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి రైళ్ళు లేవు. టీవీ పెడితే అరుపులు, కట్టేస్తే భయం. ఆఫీసు క్యాంటీన్‌లో ఏళ్ళుగా ఒకే టిఫిన్ డబ్బాలో చేతులు పెట్టుకు తిన్నవాళ్ళం రెండు బల్లలయ్యాం. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. ఆవకాయ మాత్రం ఆ బల్ల మీదికి వెళ్ళడం మానేసింది. అమ్మకి ఫోన్ చేస్తే "అక్కడ మిమ్మల్ని ఉండనిస్తారుటే?" అని ఒకటే ప్రశ్న. నాకేం తెలుసు? నన్నడిగితే ఎవరు చెప్తారు?

మా ఆయన కంపెనీ వాళ్ళు బెంగుళూరులో సీటిస్తామన్నారు. "ముందు నేను వెళ్తా. నీ డొక్కు కారు తయారయ్యాక అందులోనే వచ్చెయ్," అని వెళ్ళాడు. వారం వారం వచ్చేవాడు. వారం వారం అడిగేవాడు. కారు నా చేతికొస్తే నేను వెళ్ళిపోతాను. అదీ లెక్క.

ఒకరోజు పట్టలేక ఉస్తాదుని వెతుక్కుంటూ బయల్దేరాను. బోరబండ రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద రాళ్ళపొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గిన్నెల్లో వండుకుని, రోడ్డు మీదే బంతులు తీరి తినడం, అదీ నిరసన. పొగలో కళ్ళు నులుముకుంటూ మా ఉస్తాదు గరిటెతో పప్పుచారు కలుపుతున్నాడు. గరిటంటున్నాను గాని, అది పడవ తెడ్డంత ఉంది.

"ఏమండీ ఉస్తాద్ గారూ! నా కారు సంగతేంటి? మూడు వారాల్నుంచి షెడ్డుకి తాళం!"

చుట్టూ ఉన్నవాళ్ళు నా గొంతు విని తలలు తిప్పారు. గొంతంటే ఆ 'అండీ' విని. ఆయన మాత్రం తల ఎత్తలేదు.

"ఫస్టు తిను."

"తినడానికి రాలేదండి నేను."

"తినకుంట మాట్లాడితే కోపమొస్తది. తిని మాట్లాడు, జర తక్కువొస్తది. కూసో."

కూర్చున్నాను, తారు రోడ్డు మీద. విస్తట్లో అన్నం పెట్టారు. తిడదామని వచ్చినదాన్ని నోరు నిండా పప్పుచారన్నం పెట్టుకుని ఏం తిట్టను? పక్కన కూర్చున్న ముసలమ్మ "ఇంక జర ఏస్కో బిడ్డా, ఎండుకపోయినవు," అని నెయ్యి లేదని నొచ్చుకుంది. అంత రుచిగా ఉంటుందని నేననుకోలేదు. అదొక చిరాకు మళ్ళీ.

తిన్నాక కోపం తగ్గలేదు. కానీ షెడ్డు తెరిచాడు.

తెరిచి చేసిన ఘనకార్యం ఏమిటో రెండు నెలల తర్వాత బయటపడింది. తలుపుల కింద పొడుగునా ఒక ఇనుప పట్టీ ఉంటుంది. అది కూడా తుప్పుతిని పోయింది. కుడివైపుదీ ఎడమవైపుదీ రెండూ ఒకేసారి కోసి పారేసి, కొత్త రేకు అతికాడు. జీవితమంతా కప్పున్న కార్లే చేసిన మనిషి. కప్పున్న కారుకి పైనొక ఆసరా ఉంటుంది. దీనికి ఉన్నదల్లా ఆ రెండు పట్టీలే. రెండూ తీసేసరికి కారు నడుం వంగిపోయింది, పాత నులకమంచంలా. అది చూసుకోకుండా వంగినదాన్ని వంగినట్టే అతికేశాడు. నేను వెళ్ళి మురిపెంగా తలుపు వేస్తే పడలేదు. ఇంకోవైపు వేశాను. అదీ పడలేదు.

"దర్వాజ సరిగ లేదు. అరగదీస్త," అన్నాడు గడ్డం గోక్కుంటూ.

"రెండు తలుపులూ ఒకేసారి పాడయ్యాయా? ఆ పక్కనుంచి చూడండి, మధ్యలో ఎలా కుంగిందో! అది మీ పని!"

"పైన కప్పు లేకుంట బండి చేస్తే ఇంగ్లీషోనిది తప్పు, నాదా?"

ఎవరైనా నవ్వే మాటే. నాకు నవ్వు రాలేదు. "మీకు చేతకాదని చెప్పండి. చేతకాకే తాత్సారం చేస్తున్నారు. లేదంటే కావాలని. కారు నా చేతికొస్తే మీ ఊరేగింపుకి దొరకదని!"

ఆయన సుత్తి కింద పెట్టాడు. "అవును. అయితే తీస్కపోతవు గద. బెంగుళూర్ పోతవు గద. నాకు మాటిచ్చినవ్, గని ఆంధ్రోళ్ళ మాట సంగతి మాకెరుక లేదా? మస్తు మాటలిచ్చిండ్రు మీరు."

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. నేనెవరికి ఏ మాటిచ్చి తప్పాను? ఎప్పుడో ఎవరో పెద్దమనుషులు చేసుకున్న ఒప్పందాలకి నేనా జవాబుదారు? ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. స్కూటరు తీసుకుని వచ్చేశాను. దారంతా గొణుక్కుంటూనే ఉన్నాను. సైబర్ టవర్స్ దగ్గర ట్రాఫిక్‌లో పక్క బండివాడు నన్ను వింతగా చూశాడు.

ఆ వర్షాకాలమంతా వెళ్ళలేదు. మా ఆయన వచ్చినప్పుడు "పోనీ వదిలెయ్యవే, వచ్చెయ్," అన్నాడు. వచ్చెయ్యొచ్చు. సామాన్లు సర్దడం కూడా మొదలుపెట్టాను. ఒక అట్టపెట్టె సర్దుతాను, మర్నాడు అందులోంచే గిన్నె తీసుకుంటాను. నేను మాట తప్పే మనిషినని ఒకడు అనుకుంటూ ఉండగా ఈ ఊరొదిలి ఎలా వెళ్ళను? పంతమో, రోషమో, ఏదైనా అనుకోండి.

ఒకరోజు ఆఫీసు మీటింగులో ఉండగా ఫోన్. ఉస్తాదు.

"మేడం, ఫోన్ కట్ చెయ్యకు. ఇను."

అటువైపు నుంచి టప్ మని ఒక శబ్దం. మళ్ళీ టప్. ఒకే ఒక్క దెబ్బ, గట్టిగా, నిండుగా.

"దర్వాజ పడుతున్నది. రెండు దిక్కుల. వచ్చి చూడు."

మీటింగులోంచి లేచి వెళ్ళిపోయాను. అతికినదంతా మళ్ళీ కోసి, కారు నడుం కింద జాకీలు పెట్టి లేపి, లోపల ఇనుప గొట్టాలు అడ్డం కట్టి, మొదట్నుంచీ చేశాడు. నేను తలుపు వేశాను, తీశాను, వేశాను. ఆయన క్షమాపణ అడగలేదు, నేనూ అడగలేదు. చాయ్ తెప్పించాడు. తాగాం.

అప్పట్నుంచి పని నడిచిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బంద్ లేని వారమల్లా ఆయన ఎక్కడో ఒకచోట కొత్త జంగు కనిపెట్టేవాడు. "ఇగో, గీడ గూడ తిన్నది చూడు." మొదట్లో విసుక్కునేదాన్ని. తర్వాత తర్వాత, కొన్ని శనివారాలు, "డిక్కీ మూల కూడా ఒకసారి చూడండి ఉస్తాద్, నాకెందుకో అనుమానంగా ఉంది," అని నేనే చూపించడం మొదలుపెట్టాను. కారు అయిపోతే ఆయన ఊరేగింపు పోతుంది. కారు అయిపోతే నేను బెంగుళూరు పోవాలి. ఇద్దరం కలిసి ఆ కారుని అయిపోకుండా కాపాడుకున్నాం. ఆ సంగతి ఒకరితో ఒకరం ఎన్నడూ అనుకోలేదు.

ఇంజను సంగతి ఇంకో మేస్త్రీ చూశాడు. ఇంజను పని వేరే కులమన్నట్టు మాట్లాడేవాడు ఉస్తాదు, దాని జోలికి పోయేవాడు కాదు. రంగు దగ్గర మళ్ళీ లొల్లి. "గులాబి ఏద్దమా?" అన్నాడు ఉద్యమం రంగు కాబట్టి. "చంపుతాను," అన్నాను. ముదురు ఆకుపచ్చ వేశాడు. పాత కాగితాల్లోని నంబరుతో చేయించిన కొత్త ప్లేటు మీద ఆయన టీజీ అని రాయడం, నేను బ్లేడుతో గీకి ఏపీ అని రాయించడం, ఒక ఏడాది పాటు అదొక ఆట.

అలా నాలుగేళ్ళు గడిచాక చివరికి పార్లమెంటులో తెలంగాణ బిల్లు గట్టెక్కింది. ఇంక ఆగేది లేదని అందరికీ తెలిసిపోయింది. జూన్‌లో రాష్ట్రం. అది తెలిసిన వారంలోనే నా కారుకి ఎక్కడా జంగు లేకుండా పోయింది! సీట్లు కుట్టించాడు, అద్దం బిగించాడు, తెచ్చి మా సెల్లారులో పెట్టించాడు. "ఆ రోజు పొద్దుగాల వస్త," అన్నాడు.

ఆ రోజు వచ్చింది. మా ఆయన బెంగుళూరు నుంచి ఫోన్. "తాళంచెవి ఇచ్చేసి లోపలికెళ్ళి తలుపేసుకో. ఇవాళ బయట తిరక్కు." నేనూ అదే అనుకున్నాను. మా పక్కింటివాళ్ళు కర్టెన్లు వేసేసుకున్నారు. కింది వీధిలో డప్పులు. పొద్దున్నించి వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతున్నాను. కాఫీ కలిపి తాగడం మర్చిపోయాను.

ఉస్తాదు వచ్చాడు. తెల్లచొక్కా, నున్నగా గీసుకున్న గడ్డం, మెడలో గులాబీ కండువా, చేతిలో కర్రకి చుట్టిన జెండా. కిందికి వెళ్ళి తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను.

"ఇదిగో. మాటంటే మాటే. ఆంధ్రావాళ్ళ మాట."

తాళంచెవి వంక చూశాడు. కారు చుట్టూ తిరిగాడు. ఎడమ తలుపు తీసి, చెప్పులు బయటే విడిచి, ఎక్కి కూర్చున్నాడు.

"అటు కాదు ఉస్తాద్, స్టీరింగు ఇటు."

"ఎరుకే."

"మరి?"

"నాకు నడుపుడు రాదు."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. జీవితమంతా కార్ల మధ్య గడిపిన మనిషి. రేకు కొట్టడం ఆయన పని. కార్లని ఎవరో నడుపుకొస్తారు, ఎవరో నడుపుకుపోతారు, మధ్యలో అటూ ఇటూ నలుగురూ కలిసి తోస్తారు. ఎన్నడూ స్టీరింగు పట్టలేదట.

"ఓరి నాయనో! ఎవరైనా డ్రైవర్ని తెచ్చుకోవచ్చు కదండీ!"

"ఇయ్యాల డ్రైవరు యాడ దొరుకుతడు? అందరు రోడ్ల మీదనే ఎగురుతున్నరు."

ఒక్కరోజు కారిస్తానన్నాను గాని, నన్ను ఇస్తానన్నానా? మా ఆయన మాట, అమ్మ మాట, పక్కింటి కర్టెన్లు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. భయమేసింది. నిజంగా భయమేసింది. ఆయన ఉత్తకాళ్ళతో, జెండా ఒళ్ళో పెట్టుకుని, ముందుకు చూస్తూ కూర్చున్నాడు. తాళంచెవి గుప్పిట్లో ఉంది. నీ దుంప తెగ అనుకుని, ఆ గుప్పిట విప్పి తాళంచెవి తీసుకున్నాను.

హైటెక్ సిటీ అద్దాల మేడలన్నీ ఆ పూట మూతపడి ఉన్నాయి. జూబ్లీ చెక్‌పోస్ట్ దాటేవరకు బాగానే నడిపాను. పంజాగుట్ట నుంచి జనమే జనం. లారీల మీద డప్పులు, బతుకమ్మలు, గాలిలో గులాబీ పొడి. ఎవడో గుప్పెడు తీసి మా మీద కొడితే "రంగు! రంగు!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం, కొత్త పెయింటు పాడవుతుందని. కప్పులేని కారు కదా, అందరూ వచ్చి తొంగి చూసేవాళ్ళే. "మస్తుంది బండి!" అనేవాళ్ళే. ఒకడు నన్ను చూసి, "అక్కా, మీదే ఊరు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఉస్తాదు, "మా మేడం ది వరంగల్!" అన్నాడు.

ప్రాణం లేచొచ్చింది. ఇంకొంచెం ముందుకెళ్ళాక ఇంకొకరు అడిగారు. "హన్మకొండ!" అన్నాడు. ఆ తర్వాత "కరీంనగర్." అడిగినవాళ్ళ మొహాల్లో ఏమీ లేదు, ఊరికే పలకరింపు. కానీ ఆయన ప్రతిసారీ తొందరపడి నాకు అడ్డం పడుతుంటే, నాకు మొదట చల్లగా ఉన్నది కాస్తా మెల్లగా మంటెక్కింది. ఏం, నాకు ఊరు లేదా? నేనేం దొంగతనంగా ఉన్నానా ఇక్కడ? ఖైరతాబాద్ దగ్గర పూర్తిగా ఆగిపోయాం. జుట్టంతా గులాబీ పొడి నిండిన ఒక అబ్బాయి తలుపు మీద మోచేతులు ఆనించి నవ్వుతూ అడిగాడు.

"ఏ ఊరక్కా మీది?"

"మేడం దా? మేడం ది నిజామా…"

"కాదు! మాది భీమవరం!"

అరిచినట్టే వచ్చింది. క్లచ్ మీంచి కాలు జారి ఇంజను ఆగిపోయింది. నేను స్టీరింగు పట్టుకుని అలాగే ఉన్నాను. ఆ అబ్బాయి నన్ను చూశాడు, ఉస్తాదుని చూశాడు.

"అయితే ఏందక్కా? బండి తియ్యి, ఎన్కకంత జామైంది."

అని బానెట్టు మీద రెండు తట్లు తట్టి వెళ్ళిపోయాడు. "చెయ్యి తియ్‌రా, కొత్త రంగు!" అని వాడి వెనక అరిచాడు ఉస్తాదు.

ఇంతేనా? ఇన్నేళ్ళు నేను మోసింది దీన్నా? నవ్వాలో ఏడవాలో తెలియక, ఇంజను మళ్ళీ స్టార్టు చేసి కారు కదిపాను. పక్కన ఉస్తాదు మొహం మాడ్చుకున్నాడు.

"నీ కోసమే గద చెప్పిన."

"నాకోసం ఎవరూ అబద్ధం ఆడక్కర్లేదు."

కర్రకి చుట్టిన జెండా సవరించుకున్నాడు. తర్వాత మెల్లగా, "భీమవరమా? గిన్నొద్దులు నేను విజయవాడ అనుకున్న," అన్నాడు.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగారా?"

"నువ్వడిగినవా నాది?"

"మీది మెదక్…"

"మెదక్ జిల్ల. ఊరడిగినవా?"

అడగలేదు. అన్ని శనివారాలు, అన్ని చాయ్‌లు, అన్ని తగాదాలు. నాకు సిగ్గేసింది.

"ఏ ఊరండి మీది?"

ఒక పేరు చెప్పాడు. నేనెప్పుడూ వినలేదు. ఎక్కడుంది అన్నాను.

"ఇప్పుడు లేదు. సింగూరు డ్యాం కట్టినప్పుడు మునిగింది. అప్పుడే బోరబండకొచ్చి సుత్తి పట్టిన. గీ హైదరాబాదోళ్ళు తాగుతలేరా ఆ నీళ్ళు, వాటి కిందనే ఉన్నది మా ఊరు." చొక్కా మీద పడ్డ గులాబీ పొడి దులుపుకుంటూ, ఎవరి ఊరో చెప్పినట్టు చెప్పాడు.

నేనూ తాగుతున్నాను ఆ నీళ్ళు, ఈ ఊరొచ్చిన రోజు నుంచీ.

"కారు తిప్పనా?" అన్నాను. "పొద్దుమీకే దాకా మీదే కదా ఇది. అక్కడికే పోదాం."

"గాడేమున్నది మేడం, నీళ్ళు తప్ప. ముంగట చూసి నడుపు. గన్‌పార్క్‌కు పోనియ్యి."

జెండా విప్పాడు. ఒక చేత్తో అద్దం అంచు పట్టుకుని, కొత్త సీటు మీద ఉత్తకాళ్ళతో లేచి నిలబడ్డాడు. అసెంబ్లీ దాకా రెండో గేరు దాటలేదు నేను. ఆయన పడిపోకుండా మెల్లగా, మెల్లగా నడిపాను.